‘ఎవరివల్ల?’ అని అడిగే ముందు

నెలాఖరుకు లెక్కలు తేలతాయి. అమ్మకం తగ్గి ఉంటుంది, లేదా వాపసు వచ్చిన సరుకు పెరిగి ఉంటుంది, లేదా గల్లాపెట్టెలో సొమ్ము తక్కువై ఉంటుంది. మన చిన్న వ్యాపారాల్లో ఆ పూట వినిపించే మొదటి ప్రశ్న ‘ఎవరివల్ల?’. దానికి జవాబు దొరకకపోవడమంటూ ఉండదు. కౌంటరులో కొత్తగా చేరిన కుర్రాడో, మిషను దగ్గర నిలబడే మనిషో, బండి మీద సరుకు చేరవేసేవాడో ఎవరో ఒకరు కళ్ళెదుటే ఉంటారు. నిందకు ఎదురు చెప్పే స్తోమత వాళ్ళలో ఎవరికీ ఉండదు.

నేను చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు గణాంక శాస్త్రం చెప్పాను. ఇప్పుడు చిన్న పరిశ్రమలకు, దుకాణాలకు ఖాతాలు, ఖర్చుల లెక్కలు చూసిపెడుతున్నాను. తరగతిలో సంభావ్యత, పరికల్పనల పరీక్ష అంటే మార్కుల కోసం చేసే లెక్కలు. దుకాణాల్లో తిరగడం మొదలుపెట్టాక వాటి అసలు పని ఏమిటో నాకు బోధపడింది. ‘ఎవరివల్ల?’ కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ‘అసలు ఏమైనా జరిగిందా?’ ఏమీ మారకపోయినా, ఎవరూ తప్పు చేయకపోయినా ఇలాంటి నెల మామూలుగా ఎన్నిసార్లు వస్తుంది? పుస్తకాలు శూన్య పరికల్పన అనే బరువైన పేరు పెట్టినది ఈ ప్రశ్నకే. ఈ లెక్క వేస్తే లాభం పెరుగుతుందని మేనేజ్‌మెంటు తరగతుల్లో చెబుతారు. పెరుగుతుంది, కాదనను. కానీ నాకు ఇది ముందుగా న్యాయానికి సంబంధించిన విషయం. యజమాని ఆ లెక్క వేయకపోతే, కాకతాళీయంగా వచ్చిన నష్టానికి జరిమానా కట్టేది జీతగాడే.

ఒక గాజు, పింగాణీ సామాన్ల దుకాణం సంగతి చూడండి. ఇళ్ళకు సరుకు చేరవేయడంలో నెలకు సగటున 4 వస్తువులు పగిలేవి. ఒక నెల 8 పగిలాయి. ‘రెట్టింపయ్యాయి’ అన్నమాట చాలు కదా, బండి నడిపే కుర్రాడి బత్తాలో కోత పడింది. ఆ యజమాని క్రూరుడేమీ కాదు. రెట్టింపు అంటే ఏదో జరిగి ఉండాలని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే సంఘటనల లెక్కకు పనికివచ్చే సూత్రం ఒకటి ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ పేరుతో ఉంది. సగటు 4 ఉన్నచోట ఒక నెలలో 8 గాని అంతకంటే ఎక్కువ గాని పగిలే అవకాశం ఆ సూత్రం ప్రకారం సుమారు 5 శాతం. చిన్నదే అనిపిస్తుంది. అయితే ఏడాదికి నెలలు 12. వాటిలో కనీసం ఒక్క నెలలోనైనా ‘రెట్టింపు’ కనబడే అవకాశం దాదాపు 47 శాతం. కుర్రాడు ఏడాది పొడుగునా ఒకే జాగ్రత్తతో బండి నడిపినా, రెండేళ్ళలో ఒక ఏడు అతనికి ఆ కోత తప్పదన్నమాట.

ఇది కాగితం మీద లెక్కేననుకునేవారికి పాత ఉదాహరణ ఒకటుంది. పాత జర్మనీలోని ప్రష్యా రాజ్య సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కను బోర్ట్‌కీవిచ్ అనే గణాంకవేత్త 1898లో ప్రకటించాడు. 10 దళాలు, 20 ఏళ్ళు, దళానికి ఏడాదికి ఒక పద్దు చొప్పున మొత్తం 200 పద్దులు. వాటిలో 109 పద్దుల్లో ఒక్క చావూ లేదు. 65 పద్దుల్లో ఒక్కొక్కటి, 22లో రెండేసి, 3లో మూడేసి, ఒకే ఒక్క పద్దులో నలుగురు. నలుగురు చనిపోయిన ఆ దళానికి అధికారిగా ఉన్నవాణ్ణి నిలదీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పాయిజాన్ సూత్రం ఆ 200 పద్దులకు చెప్పే అంకెలు 109, 66, 20, 4, 1. నిజంగా జరిగినదానికి, కేవలం యాదృచ్ఛికంగా జరగవలసినదానికి మధ్య తేడా లేదు. ఆ నాలుగు చావులకు వేరే కారణం వెదకవలసిన పని లేదు.

ఇలా చెప్పినప్పుడల్లా యజమానులు వేసే ప్రశ్న న్యాయమైనదే. ‘అయితే మాస్టారూ, నిజంగా నిర్లక్ష్యం చేసేవాడు కూడా కాకతాళీయమని చెప్పి తప్పించుకుపోడా?’ తప్పించుకోగలడు. జెర్జీ నేమన్, ఎగాన్ పియర్సన్ అనే గణాంకవేత్తలు 1933లో ఈ విషయాన్నే సూటిగా లెక్కలోకి తెచ్చారు. ఏమీ జరగనప్పుడు జరిగిందనడం ఒక పొరపాటు, జరిగినప్పుడు జరగలేదనడం మరో పొరపాటు. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. రెండూ కలిసి తగ్గాలంటే మార్గం ఒక్కటే, మరికొంత సమాచారం. గాజు సామాన్ల దుకాణానికి నేను చెప్పింది ఇది: ఒక్క నెల చూసి ఏమీ అనకండి, మూడు నెలల మొత్తం చూడండి. మామూలుగా 12 ఉండాలి. 20కి చేరితే అప్పుడు కదలండి. ఏమీ మారకపోతే మూడు నెలల్లో 20 గాని అంతకంటే ఎక్కువ గాని పగిలే అవకాశం 2 శాతం మాత్రమే. నిర్లక్ష్యం వల్ల నిజంగానే నెలకు 8 పగులుతూ ఉంటే, 80 శాతం పైచిలుకు అవకాశంతో ఆ గీత దాటుతుంది. నిర్లక్ష్యం దొరుకుతుంది, అమాయకుడు మిగులుతాడు. కావలసిందల్లా మూడు నెలల ఓపిక. దీపావళి ముందు సరఫరాలు పెరుగుతాయి కాబట్టి ఆ నెలల్లో పగిలినవాటిని సరఫరాల సంఖ్యతో భాగించి చూడాలన్నది కూడా మరవకూడదు.

ప్యాకింగు గదిలో జరిగే అన్యాయం ఇంకా సూక్ష్మమైనది. కారం పొడి 500 గ్రాముల ప్యాకెట్లు కట్టే మిషను ఉంది. సగటు 502 గ్రాములకు సరిచేసి పెట్టారు. ఏ మిషనూ ప్రతిసారీ ఒకే బరువు పోయదు. బరువులు సగటుకు అటూ ఇటూ మామూలుగా ఎంత దూరం జరుగుతాయో చెప్పే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. ఈ మిషనుకు అది 4 గ్రాములనుకుందాం. యజమాని గదిలోకి వచ్చి ఒక ప్యాకెట్టు తీసి కాటా మీద పెట్టాడు. 493 చూపించింది. ఆపరేటరుకు చీవాట్లు పడ్డాయి. అసలు సగటు 502 దగ్గర నిలకడగా ఉన్నప్పుడు కూడా 493 గాని అంతకు తక్కువ గాని తూగే ప్యాకెట్లు నూటికి 1.2 చొప్పున వస్తాయి. రోజుకు 1000 కట్టే చోట అవి 12. యజమాని చేతికి ఆ 12లో ఒకటి తగిలింది.

చీవాట్లతో ఆగితే బాగుండేది. బరువు తగ్గిందని ఆపరేటరు మిషనును 9 గ్రాములు పైకి తిప్పాడు. తరవాతి ప్యాకెట్టు 514 వచ్చింది, సరుకు పోతోందని మళ్ళీ కిందికి తిప్పాడు. ప్రతి ప్యాకెట్టునూ తూచి, వచ్చిన తేడా మేరకు ఎదురు దిశలో తిప్పుతూ పోతే ఏమవుతుందో అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన శిక్షణ తరగతుల్లో గరాటు గుండా గోళీలు జారవిడిచి చూపించేవాడు. తేడాలు తగ్గకపోగా విస్తృతి, అంటే ప్రామాణిక విచలనం వర్గం, రెట్టింపవుతుంది. మన మిషను విషయంలో ప్రామాణిక విచలనం 4 నుంచి 5.7కు పోతుంది. 493కు దిగువన పడే ప్యాకెట్లు రోజుకు 12 నుంచి దాదాపు 56కు పెరుగుతాయి. ఆ 56 చూసి యజమాని ఇంకా గట్టిగా అరుస్తాడు, ఆపరేటరు ఇంకా భయపడి ఇంకా తిప్పుతాడు. భయపడ్డ మనిషి చేసే శ్రద్ధాపూర్వకమైన పని వల్లే నష్టం పెరుగుతోందని ఆ గదిలో ఎవరికీ తోచదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఈ దృశ్యమే.

దీనికి మందు వందేళ్ళుగా ఉంది. అమెరికాలో టెలిఫోను పరికరాలు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ షూహార్ట్ 1924లో ఒక చిన్న పటం గీసి తన పై అధికారికి ఇచ్చాడు. మధ్యలో సగటు గీత, పైనా కిందా మూడేసి విచలనాల దూరంలో హద్దు గీతలు. హద్దుల లోపల ఉన్నంతసేపు మిషను జోలికి పోవద్దు. మన ప్యాకింగు గదిలో దీన్ని పెట్టడానికి కావలసింది ఒక కాటా, ఒక గళ్ళ కాగితం, ఒక పెన్సిలు. గంటకోసారి 16 ప్యాకెట్లు తూచి సగటు కట్టాలి. పదహారింటి సగటు ఒక్క ప్యాకెట్టు అంతగా ఊగిసలాడదు, దాని విచలనం 4ను 16 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 1 గ్రామే. హద్దులు 499, 505. సగటు 499 కంటే దిగితే మిషను ఆపి చూడవలసిందే, ఎందుకంటే ఏమీ మారకుండా అలా దిగే అవకాశం వెయ్యికి ఒకటిన్నర లోపే. తూనికలు, కొలతల నిబంధనలు కూడా ఇదే దృష్టితో రాశారు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు 500 గ్రాముల ప్యాకెట్టులో 15 గ్రాముల వరకు లోటును సహిస్తాయి, నమూనాల సగటు మాత్రం ప్రకటించిన బరువుకు తగ్గకూడదంటాయి. చట్టం ఒక్క ప్యాకెట్టును సహించినంతగా యజమానులు సహించడం లేదు.

తిడితేనే పని జరుగుతుందన్న నమ్మకం కూడా ఇక్కడే పుడుతుంది. బాగా తక్కువ అమ్మిన నెల తరవాత తిట్టారు, పైనెల అమ్మకం పెరిగింది. బాగా ఎక్కువ అమ్మిన నెల తరవాత బహుమతి ఇచ్చారు, పైనెల తగ్గింది. అనుభవం నేర్పిన పాఠం ఇదేనని యజమాని తీర్మానించుకుంటాడు. బాగా కిందికి పడ్డ అంకె తరవాత వచ్చేది సగటు వైపు లేస్తుంది, బాగా పైకి లేచినది సగటు వైపు దిగుతుంది. తిట్టకపోయినా లేచేది, మెచ్చుకోకపోయినా దిగేది. తల్లిదండ్రుల ఎత్తులను పిల్లల ఎత్తులతో పోల్చిన ఇంగ్లీషు శాస్త్రవేత్త గాల్టన్ 1886లోనే దీన్ని రాశాడు. కఠినంగా ఉండేవాడే మంచి మేనేజరు అన్న పేరు చాలాచోట్ల ఈ లెక్క తెలియనందువల్ల నిలబడింది.

గల్లాపెట్టె సంగతికి వద్దాం. ఇక్కడ నింద పడితే మనిషి బతుకే దెబ్బతింటుంది. ఒక పెద్ద దుకాణంలో 50 మంది బిల్లింగు గుమస్తాలు ఉన్నారని ఊహించండి. వారిలో ఒక్కడు చేతివాటం మనిషి. అతని లెక్క ఏ నెలలోనైనా తక్కువ పడే అవకాశం 80 శాతం అనుకుందాం. నిజాయితీపరుడికి కూడా చిల్లర పొరపాటు వల్లో, రద్దీలో రెండు నోట్లు అంటుకుపోయినందువల్లో 5 శాతం అవకాశం ఉంటుంది. నెలాఖరున ఒక గుమస్తా లెక్క తక్కువ పడింది. నిజాయితీపరుడికి ఇలా జరిగే అవకాశం 5 శాతమే కాబట్టి ఇతను దొంగ అయ్యే అవకాశం 95 శాతమని యజమాని అనుకుంటాడు. చదువుకున్నవారు కూడా ఇలాగే అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 49 మంది నిజాయితీపరుల్లో 5 శాతం అంటే సుమారు రెండున్నర మంది. దొంగ వాటా 0.8. తక్కువ పడినవాళ్ళు మొత్తం 3.25 మంది అయితే, అందులో దొంగ పాలు పావు వంతు. పట్టుబడ్డ ప్రతి నలుగురిలో ముగ్గురు ఏ పాపం ఎరగనివాళ్ళు.

అదే మనిషికి వరసగా రెండో నెల కూడా తక్కువ పడితే లెక్క తిరగబడుతుంది. దొంగ విషయంలో 0.8ని 0.8తో గుణిస్తే 0.64. మిగతా 49 మందిలో రెండు నెలలూ తక్కువ పడేవాళ్ళు సగటున 0.12. అనుమానం 84 శాతానికి చేరుతుంది. అయితే రెండో నెల మొదటి నెలతో సంబంధం లేనిదై ఉండాలి. అదే కౌంటరు, అదే రద్దీ, అదే పాత డ్రాయరు అయితే తప్పు డ్రాయరుదీ కావచ్చు. అందుకే కౌంటరు మార్చి చూడాలి. ‘నిర్దోషి అయితే ఇలా జరిగే అవకాశం ఎంత’ అన్నది వేరు, ‘ఇలా జరిగింది కాబట్టి నిర్దోషి అయ్యే అవకాశం ఎంత’ అన్నది వేరు. మొదటిది మాత్రమే చెప్పే పి విలువను రెండోదానిగా చదవవద్దని అమెరికా గణాంక సంఘం 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. పరిశోధకులకే చెప్పవలసి వచ్చినప్పుడు గల్లా ముందు కూర్చున్న యజమానిని తప్పుపట్టలేం. కానీ ఉద్యోగం పోయేది ఆయనది కాదు కదా.

ఇవన్నీ పెద్ద కంపెనీల వ్యవహారాలు, మా దగ్గర అంత సమాచారం ఎక్కడిది అంటారు. ఈ శాస్త్రంలో ముఖ్యమైన భాగం పుట్టిందే చిన్న నమూనాలతో సతమతమైన ఒక వ్యాపార సంస్థలో. విలియం గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు తయారీ కంపెనీలో చేరాడు. బార్లీ నాణ్యత, పంట దిగుబడి పోల్చడానికి అతనికి దొరికేవి గుప్పెడు కొలతలు. అప్పటి సూత్రాలు వందల కొలతలున్నప్పుడే సరిగ్గా పనిచేసేవి. అతను 1908లో చిన్న నమూనాలకు తగిన పద్ధతి కనిపెట్టి, ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోనందున ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో అచ్చువేశాడు. తరగతిలో మనం చదివే ‘t’ పరీక్ష అదే. అందులోని సారాంశం నాకు చాలా ఇష్టం: తక్కువ చూసినవాడు ఎక్కువ వినయంతో ఉండాలి. వందల కొలతలున్నప్పుడు సగటు ఉండవలసిన చోటు నుంచి తన విచలనానికి 1.96 రెట్లు దూరం జరిగితే 5 శాతం గీత దాటినట్టు, అంటే ఏమీ మారకుండా అలా జరిగే అవకాశం 5 శాతం లోపే. నాలుగే కొలతలున్నప్పుడు 3.18 రెట్లు జరగాలి. చిన్న వ్యాపారికి ఈ శాస్త్రం పనికిరాదనడం సరికాదు, దీని అవసరం అతనికే ఎక్కువ.

మనవాళ్ళకు పరాయి విద్య కూడా కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా భారతీయ గణాంక సంస్థకు వెళ్ళిన సి.ఆర్.రావు 1948లో ప్రతిపాదించిన, పరికల్పనలను పరీక్షించే ‘స్కోర్ పరీక్ష’ ఇవాళ ప్రపంచమంతటా గణాంక సాఫ్ట్‌వేర్లలో ఉంది. 2023లో, 102 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన పుట్టిన ఇంటి భాషలో వ్యాపారం చేసుకునేవారికి ఈ పద్ధతులు అందకపోవడం నన్ను కలచివేస్తుంది.

పరీక్ష పెట్టడం ఎంత తేలికో చెప్పడానికి ఒక పచ్చళ్ళ తయారీ ఇంటి సంగతి చెబుతాను. నువ్వుల నూనె ధర పెరిగిందని, ఆవకాయలో వేరుశనగ నూనె వాడితే ఎలా ఉంటుందని ఆ ఇంటి కోడలికి ఆలోచన వచ్చింది. రుచిలో తేడా ఇట్టే తెలిసిపోతుందని అత్తగారు పట్టుబట్టారు. వాదన తెగలేదు. పరీక్ష పెట్టమన్నాను. ఎనిమిది చిన్న గిన్నెలు, నాలుగింటిలో ఒక నూనె, నాలుగింటిలో మరొకటి, ముక్క, కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ ఒకే పాళ్ళు. గిన్నెల వరస చీటీలు వేసి తేల్చారు. వడ్డించిన అమ్మాయికి కూడా ఏది ఏదో తెలియదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ తన సహోద్యోగిని మ్యూరియల్ బ్రిస్టల్ ముందు పెట్టిన ఎనిమిది టీ కప్పుల పరీక్ష ఇదే తీరుది. ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఆమె అన్నది. ఎనిమిదిలో నాలుగు ఏరడానికి 70 మార్గాలున్నాయి. గుడ్డిగా ఏరితే అన్నీ సరిపోయే అవకాశం 70కి ఒకటి.

“అత్తయ్యగారూ, నువ్వుల నూనెవి ఏ నాలుగో చెప్పండి.”

ఆవిడ ఒక్కొక్క గిన్నె నుంచి ముక్క నాకి, మధ్యలో మజ్జిగ పుక్కిలించి, తొందరపడకుండా నాలుగు పక్కన పెట్టారు. మూడు సరిపోయాయి, ఒకటి తప్పింది. గుడ్డిగా ఏరినా మూడు గాని నాలుగు గాని సరిపోయే అవకాశం 70కి 17, అంటే దాదాపు 24 శాతం. కోడలు వెంటనే, ‘తేడా తెలియదని తేలిపోయింది కదా మాస్టారూ’ అన్నది. అలా తేలలేదు. తేడా తెలుస్తుందని రుజువు కాలేదు, అంతే. తెలియదని రుజువు కావడం వేరే పని, దానికి చాలా గిన్నెలు కావాలి. ఆవకాయ ఏడాదికోసారి వేసవిలో పెట్టేది. నూనె మార్చి పొరపడితే ఆ తప్పు జాడీల్లో ఏడాదంతా ఉంటుంది, పాత గిరాకీ పోతుంది. ఇది ఆలోచించి అత్తగారే ఆ ఏటికి నువ్వుల నూనెతోనే పెట్టారు. ఒక చిన్న వంతు మాత్రం రెండో నూనెతో పెట్టి వేరుగా చూసుకున్నారు. నిర్ణయం తీసుకున్న తీరు నాకు ఎంతో నచ్చింది.

ఆ ఇంట్లోనే మరొకటి. కొత్త రకం సీసాలు తెప్పించి, 30 సీసాలు నింపి ఒక రాత్రంతా బోర్లించి ఉంచారు. ఒక్కటీ కారలేదు. అమెరికా పార్సిళ్ళకు ఇక భయం లేదన్నారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటాం, ఎందుకంటే ఒకే ఎసట్లో ఉడికిన మెతుకులన్నీ ఒక్కలాంటివే. సీసా మూతలు అలా కాదు, ఏ మూతకా మూత విడి వస్తువు. నిజంగా 5 శాతం సీసాలు కారేవే అయినా 30లో ఒక్కటీ కారకుండా పోయే అవకాశం 21 శాతం. నూటికి 10 కారేవైనా 4 శాతం. పరీక్షలో లోపం సున్నా వస్తే, 3ను నమూనాల సంఖ్యతో భాగించి చూసుకోవడం మంచి అలవాటు. 30 సీసాలకు 10 శాతం, 300 సీసాలకు 1 శాతం. అంతవరకు లోపం దాగి ఉండవచ్చు. ఈ లెక్క వేయకపోతే దారిలో సీసా కారినప్పుడు నింద ఎవరి మీద పడేదో ఊహించడం కష్టం కాదు. మూత బిగించిన అమ్మాయి మీద.

ప్రకటనల విషయంలో పొరపాట్లు వేరే దారిన వస్తాయి. ఆషాఢంలో తగ్గింపు ప్రకటన వేసి, శ్రావణంలో అమ్మకం పెరిగిందని ప్రకటన గొప్పదనుకునే బట్టల దుకాణాలు ఎన్నో. పెళ్ళిళ్ళు ఎటూ శ్రావణంలోనే. పోనీ కిందటేడు ఇదే తేదీలతో పోలుద్దామంటే అధిక మాసం అడ్డొస్తుంది. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం, ముహూర్తాలు లేవు. 2022లో ఆగస్టు తొలి సగం నిండా శ్రావణ ముహూర్తాలే. ఆ రెండు ఆగస్టుల అంకెలు పక్కపక్కన పెట్టి 2023లో అమ్మకాలు పడిపోయాయని మేనేజరును నిలదీస్తే, పంచాంగం చేసినదానికి మనిషిని శిక్షించినట్టు.

దీనికి విరుగుడు ఒకే కాలంలో పోల్చడం. పాత కొనుగోలుదారుల జాబితాలో 400 మందిని తీసుకుని, చీటీలు వేసి 200 మందికి ఫోను సందేశం పంపండి, 200 మందికి పంపవద్దు. సందేశం అందనివాళ్ళలో 24 మంది, అందినవాళ్ళలో 36 మంది దుకాణానికి వచ్చారనుకుందాం. సగానికి సగం పెరిగినట్టు కనబడుతుంది. సందేశం వల్ల ఏ ఉపయోగమూ లేకపోయినా ఇంత తేడా అటో ఇటో వచ్చే అవకాశం 9 శాతం. పుస్తకంలోని 5 శాతం గీత దాటలేదు. అయితే ఏం? సందేశం ఖర్చు పైసల్లో ఉంటుంది. పొరపడినా పోయేది కొద్ది రూపాయలు. పంపండి. ఇదే 9 శాతం ఆధారంతో ఒకరి ఉద్యోగం తీసేయాలంటే మాత్రం ఒప్పుకోకూడదు. 1925లో ఫిషర్ సౌకర్యం కోసం వాడుకలోకి తెచ్చిన 5 శాతం అన్ని నిర్ణయాలకూ సరిపోయే కొలత కాదు. పొరపాటు ఖరీదును బట్టి గీత జరగాలి. ఆ ఖరీదు యజమాని జేబులోంచి పోతే ఆయన ఇష్టం. జీతగాడి జేబులోంచి పోతే గీత చాలా కఠినంగా ఉండాలి. నా వాదనంతా ఇక్కడే ఉంది.

గీత ముందే గీయాలి కూడా. ప్రతి సాయంత్రం అంకెలు చూస్తూ, అనుకూలంగా కనబడిన రోజున ఆపేస్తే, పదిసార్లు చూసేసరికి 5 శాతం అనుకున్న పొరపాటు 19 శాతానికి పెరుగుతుంది. మధ్యమధ్య చూస్తూ కూడా న్యాయంగా ఆపే పద్ధతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సరుకు తనిఖీ కోసం అబ్రహం వాల్డ్ అనే గణాంకవేత్త దాన్ని తయారుచేశాడు. గణాంకాలపై ఉపన్యాసాలివ్వడానికి మన దేశానికే వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతోపాటు మరణించాడు. అప్పటికి ఆయనకు ఏభయ్యేళ్ళు కూడా లేవు.

ఇక చట్టం సంగతి. అప్పగించిన సరుకు పోయినా, లెక్క చెప్పవలసిన సొమ్ము తగ్గినా జీతంలో కోత పెట్టాలంటే ఆ నష్టం నేరుగా ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లగాని తప్పువల్లగాని కలిగినదై ఉండాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. కోతకు ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కూడా చెప్పింది. 2019 వేతనాల కోడ్ ఈ రెండు షరతులనూ నిలబెట్టింది. ‘నేరుగా అతని నిర్లక్ష్యం వల్ల’ అని తేల్చాలంటే, నిర్లక్ష్యం లేకుండానే ఈ నష్టం ఎన్నిసార్లు వస్తుందో ముందు తెలియాలి. ఆ లెక్క లేకుండా పెట్టిన కోత చట్టం అడిగిన మాటకు జవాబే చెప్పలేదు.

ఖాతాలు చూసే నావంటివారు చేయగలిగింది ఒకటుంది. నేను చూసే పుస్తకాల్లో జీతం కోత పద్దు కనబడితే, దాని పక్కన గత 12 నెలల అంకెలు అతికించమని అడుగుతున్నాను: ఎన్ని పగిలాయి, ఎన్నిసార్లు గల్లా తగ్గింది, ఎన్ని సరఫరాల్లో, ఎన్ని బిల్లుల్లో. వాటి కింద ఒకే ఒక వాక్యం: ‘ఎవరూ తప్పు చేయకపోయినా ఇది జరిగే అవకాశం ఇంత.’ ఆ వాక్యాన్ని యజమానే స్వయంగా రాయాలి, సంజాయిషీ అడిగేటప్పుడు ఆ కాగితం ఉద్యోగికి కూడా చూపించాలి. కొందరు విసుక్కున్నారు, ఒకరిద్దరు పుస్తకాలు వేరేవారికి అప్పగించారు. గాజు సామాన్ల దుకాణం యజమాని మాత్రం 12 నెలల అంకెలు వరసగా రాసుకుని చాలాసేపు చూశాడు. కిందటేడు ఏప్రిల్‌లో ఒక్కటే పగిలిందని అప్పుడే గమనించాడు. ఆ నెల ఎవరినీ పిలిచి మెచ్చుకున్నట్టు ఆయనకు గుర్తులేదు. కోసిన బత్తా ఆ శనివారం జీతంతో కలిపి ఇచ్చేశాడు.